పై నుంచి తీస్తే జాలి పుట్టదు

'ఫొటోకి ప్రాణం పోసే 5 సూత్రాలు' అంటూ ఒకే మెసేజ్‌ని ఈ వారం నలుగురు స్నేహితులు పంపారు. అయిదోసారి కూడా వచ్చేసరికి ఇక ఊరుకోలేకపోయాను.

మొదటి సూత్రం: 'దేన్నీ ఫ్రేము మధ్యలో పెట్టొద్దు, మూడో వంతు గీత మీదే పెట్టాలి.' ఫ్రేముని మూడు సమాన భాగాలు చేసే ఈ మూడో వంతు లెక్కని 1797లో ఆంగ్ల చిత్రకారుడు జాన్ థామస్ స్మిత్ రాసింది ఫొటోల కోసం కాదు, ప్రకృతి చిత్రాలు గీసేవాళ్ల కోసం. చార్మినార్‌కి ఎదురుగా నిలబడి చూడండి. అటూ ఇటూ సరితూగే ఆ నిబ్బరం ఫొటోలోకి రావాలంటే దాన్ని నట్టనడుమ పెట్టాల్సిందే. పక్కకు జరిపితే అది చుట్టూ ఉన్న బజారు ఫొటో అవుతుంది. అదీ బాగుంటుంది, కానీ చెప్పే సంగతి వేరు.

'ఆకాశం, నేల కలిసే గీత మధ్యలో ఉండకూడదు.' చెరువులో కొండ నీడ తీసేటప్పుడు మధ్యలోనే ఉండాలి, ఆ నిశ్చలత అక్కడే ఉంది. 'ఖాళీ వదలొద్దు.' మరి ఒంటరితనాన్ని దేనితో చూపిస్తారు? 'ఖరీదైన లెన్సు లేనిదే భావం పలకదు.' ఇది తప్పు, అంతే.

నాకు కోపం తెప్పించింది అయిదోది. 'పేదవాళ్లని పై నుంచి తీయండి, వాళ్లకు చెప్పకుండా తీయండి, తర్వాత బ్లాక్ అండ్ వైట్ చేయండి. జాలి పుడుతుంది.' కెమెరా పైకి పోయేకొద్దీ మనిషి కురచవుతాడు, ముఖం పోయి నడినెత్తి మిగులుతుంది. అప్పుడు పుట్టేది జాలి కాదు, చూసేవాడికి తాను పైనున్నానన్న భావం.

1936లో కాలిఫోర్నియాలో అమెరికన్ ఫొటోగ్రాఫర్ డొరొథియా లాంగ్ తీసిన 'వలస తల్లి' (మైగ్రెంట్ మదర్) ఫొటో చూడండి. కెమెరా దాదాపు ఆమె ముఖం ఎత్తులోనే ఉంది. ఆమె భుజాలకు ఆనుకున్న ఇద్దరు పిల్లలూ ముఖాలు అటు తిప్పుకున్నారు కాబట్టి మన చూపు ఆ తల్లిని వదిలిపోదు. చేయి చెంపకి ఆనించి ఎటో చూస్తోంది. మనల్ని ఏమీ అడగడం లేదు. అయినా ఆ ఫొటో తీయకపోయి ఉంటే బాగుండేదని, లాంగ్ తన పేరైనా అడగలేదని ఆ తల్లి 1978లో బాధపడింది. అంత గొప్ప ఫొటో వెనకే అంత నొప్పి ఉంటే, చెప్పకుండా తీయమని ఊరందరికీ నేర్పుతారా?

నేనూ ఆ తప్పు చేశాను. మిర్చి కల్లంలో తాలుకాయలు ఏరుతున్న ఒక పెద్దావిడని బస్తాలెక్కి పై నుంచి తీశాను. చూపిస్తే "నా మొహమేది నాయనా?" అంది. అడిగి, పక్కన గొంతుక్కూర్చుని మళ్లీ తీశాను. ఈసారి కళ్లు కనిపించాయి, పని తెలిసిన వేళ్లు కనిపించాయి.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆ ఫొటోని చివరికి నేనూ బ్లాక్ అండ్ వైట్‌లోకే మార్చాను. జాలి కోసం కాదు. రంగుల్లో ఉంటే ఆ ఎరుపు చూపంతా లాగేసుకుంటోంది, ఆవిడ ముఖం దాకా పోనివ్వడం లేదు. రెండు రకాలూ ప్రింటు వేయించి పట్టుకెళ్లాను. ఆవిడ రంగులదే ఉంచుకుంది.