"నంబరు రెండు పెంచు, గ్యాప్ పెంచు": ప్లగ్గుల మెసేజ్‌లో తప్పులు

కారు రీమ్యాప్ (పవర్ పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్‌లో సెట్టింగులు మార్చడం) చేయించాలనుకునే వాళ్ల మధ్య స్పార్క్ ప్లగ్గుల మీద ఒక వాట్సాప్ మెసేజ్ చాలాకాలంగా తిరుగుతోంది. నాకే నలుగురు పంపారు. సారాంశం ఇదీ: ఇంజిన్‌కి ఏ మార్పు చేసినా ముందు ఇరిడియం లోహపు మొన ఉన్న ప్లగ్గులు వేయండి, పది హెచ్‌పీ దాకా పెరుగుతుంది. ప్లగ్గు ఎంత కోల్డ్ (వేడిని త్వరగా వదిలేసేది) అయితే ఇంజిన్‌కి అంత సేఫ్, కాబట్టి ప్లగ్గు మీది నంబరు రెండు పెంచండి. గ్యాప్ (మొనకి, ఎదురుగా ఉన్న కాలికి మధ్య స్పార్క్ దూకే సందు) పెంచితే స్పార్క్ పెద్దదై పికప్ వస్తుంది. నాలుగు కాళ్ల ప్లగ్గుకి నాలుగు స్పార్కులు. ఒకసారి ఇరిడియం వేస్తే లక్ష కిలోమీటర్ల దాకా విప్పి చూడక్కర్లేదు. బిగించేటప్పుడు మరలకి గ్రీజు రాసి గట్టిగా తిప్పండి.

మొదట ఆ పది హెచ్‌పీ సంగతి. 1200 సీసీ, నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్ తీసుకోండి. ఒక్కో సిలిండర్ 300 సీసీ. టర్బో (గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి తోసే పరికరం) లేకపోయినా, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఒక విడతకి అందులో కాలే పెట్రోలు సుమారు 0.024 గ్రాములు. దాన్నుంచి వచ్చే శక్తి దాదాపు వెయ్యి జౌళ్లు. ప్లగ్గు ఇచ్చే స్పార్క్ మామూలుగా జౌలులో పదో వంతు కూడా ఉండదు. అగ్గిపుల్ల మంచిదైతే పొయ్యి సరిగ్గా అంటుకుంటుంది, అంతేగానీ అన్నం ఎక్కువ ఉడకదు. మరి "నా బండికి వేశాక తేడా తెలిసింది" అనేవాళ్లు అబద్ధం చెబుతున్నారా? లేదు. పాత ప్లగ్గులు అరిగి మిస్సింగ్ వస్తున్న బండికి ఏ కొత్త ప్లగ్గు వేసినా పికప్ తిరిగొస్తుంది. పోయింది వచ్చింది, అదనంగా ఏమీ రాలేదు.

ఇరిడియం మంచిది కాదని నేననను. ఇరిడియం 2,446 డిగ్రీల సెల్సియస్ దగ్గర గానీ కరగదు, నికెల్ 1,455 దగ్గరే కరుగుతుంది. అందుకే ఇరిడియం మొనని 0.4, 0.6 మిల్లీమీటర్ల సన్నటి తీగలా చేసినా తట్టుకుంటుంది. మొన సన్నగా ఉంటే తక్కువ వోల్టేజీకే స్పార్క్ దూకుతుంది. బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) పెంచిన ఇంజిన్‌లో ఇది నిజంగా పనికొచ్చే గుణమే. అన్నట్టు, షాపుల్లో "కాపర్ ప్లగ్" అని అమ్మేదాని మొన రాగి కాదు, నికెల్ మిశ్రమం. రాగి లోపలి కడ్డీలో ఉంటుంది, అది చాలా ఇరిడియం ప్లగ్గుల్లోనూ ఉంటుంది.

ఈ మెసేజ్‌లో నన్ను నిజంగా భయపెట్టింది "నంబరు రెండు పెంచండి" అన్న మాట. ఏ కంపెనీ నంబరు? ఎన్‌జీకేలో నంబరు పెరిగే కొద్దీ ప్లగ్గు కోల్డ్. బాష్‌లో సరిగ్గా తిరగేసి ఉంటుంది, నంబరు పెరిగితే హాట్. ఎన్‌జీకే 6కి దాదాపు సమానమైనది బాష్‌లో 7. ఎన్‌జీకే 7 వేయాల్సి వస్తే బాష్‌లో కిందికి దిగాలి. డెన్సోలో ఎన్‌జీకేలాగే పెరిగితే కోల్డ్, కానీ అంకెలు 20, 22, 24 అని నడుస్తాయి. అంటే డెన్సోలో రెండు పెంచితే ఒక్క మెట్టే. మెసేజ్ చదివి బాష్ ప్లగ్గు నంబరు రెండు పెంచి కొన్నవాడు, రీమ్యాప్ చేసిన ఇంజిన్‌లో రెండు మెట్లు హాట్ ప్లగ్గు పెట్టుకున్నట్టు. పిస్టన్‌కి బొక్క పడడానికి ఇంతకంటే దగ్గర దారి లేదు.

కోల్డ్, హాట్ అంటే స్పార్క్ చల్లగా ఉంటుందని, వేడిగా ఉంటుందని కాదు. లోపలి పింగాణీ ముక్కు పొట్టిగా ఉంటే వేడి త్వరగా సిలిండర్ హెడ్‌లోకి దిగిపోతుంది, అది కోల్డ్ ప్లగ్. ముక్కు పొడుగైతే వేడి నిలుస్తుంది, అది హాట్. ప్లగ్గు కొస సుమారు 500 నుంచి 800 డిగ్రీల మధ్య ఉండాలి. అంతకంటే బాగా తగ్గితే కార్బన్ కాలిపోకుండా పేరుకుంటుంది. బాగా దాటితే కొసే నిప్పుకణికలా మారి, స్పార్క్ రాకముందే పెట్రోలుని అంటించేస్తుంది.

కాబట్టి "ఎంత కోల్డ్ అయితే అంత సేఫ్" కూడా తప్పే. ఎన్‌జీకే చెప్పే మోటు లెక్క ప్రకారం 75 నుంచి 100 హెచ్‌పీ పెరిగితే ఒక మెట్టు కోల్డ్. లీటరు టర్బో ఇంజిన్‌కి స్టేజ్ వన్ (విడిభాగాలు మార్చకుండా చేసే) రీమ్యాప్‌తో పెరిగేది సాధారణంగా అందులో మూడో వంతు. చిన్న ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ మీద భారం ఎక్కువ పడుతుంది కాబట్టి ట్యూనర్ (రీమ్యాప్ చేసేవాడు) ఒక మెట్టు కోల్డ్ వేయమంటే నేను కాదనను. రెండు మెట్లు కోల్డ్ ప్లగ్గు తెచ్చి, రోజూ అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఫస్ట్, సెకండ్ గేర్లలో పాకే బండికి పెడితే, కొన్నాళ్లకి నల్లటి మసి పట్టి పొద్దున్నే స్టార్టింగ్ ట్రబుల్ మొదలవుతుంది. ఇక ఎయిర్ ఫిల్టర్, ఎగ్జాస్ట్ పైపు మాత్రమే మార్చిన వాళ్లు ప్లగ్గు జోలికి వెళ్లనే అక్కర్లేదు. కంపెనీ మాన్యువల్‌లో రాసిన నంబరే వాళ్లది.

గ్యాప్ విషయంలో నాకు స్వానుభవం ఉంది. మా తమ్ముడి టర్బో కారుకి రీమ్యాప్ అయ్యాక ఒక షెడ్డులో ఇదే సలహాతో గ్యాప్ 1.1 మిల్లీమీటర్లకి పెంచారు. సిటీలో బాగానే ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి థర్డ్ గేర్‌లో పూర్తిగా తొక్కితే మాత్రం ఎవరో వెనక నుంచి లాగినట్టు కుదుపు. స్కానర్ పెడితే పీ0302, అంటే రెండో సిలిండర్ మిస్‌ఫైర్ (అందులో పెట్రోలు సరిగ్గా అంటుకోవడం లేదు). కాయిల్ (ప్లగ్గుకి వోల్టేజీ ఇచ్చేది) పోయిందన్నారు, మార్చాం, ఆ డబ్బూ పోయింది, కుదుపు పోలేదు. చివరికి గ్యాప్ 0.7కి తగ్గిస్తే ఆగిపోయింది. కారణం సులువే. సిలిండర్‌లో ఒత్తిడి పెరిగే కొద్దీ ఆ సందులో స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. బూస్ట్ పెంచడమంటే ఒత్తిడి పెంచడమే. దానికి తోడు సందు కూడా వెడల్పు చేస్తే కాయిల్ చేతులెత్తేస్తుంది. ఖాళీగా తిరిగే ఇంజిన్‌లో పెద్ద గ్యాప్ మంచిదే, మంట కుదురుగా మొదలవుతుంది. మెసేజ్ రాసినాయన అక్కడి నిజాన్ని తెచ్చి ఇక్కడ పెట్టాడు. సీఎన్‌జీ కిట్ పెట్టించుకున్న వాళ్లకీ ఇదే వర్తిస్తుంది. పెట్రోలు కంటే గ్యాస్‌కి స్పార్క్ వోల్టేజీ ఎక్కువ కావాలి కాబట్టి కొంచెం తక్కువ గ్యాప్ పెడతారు.

తగ్గించేటప్పుడు ఒక జాగ్రత్త. బయటి కాలుని మాత్రమే మెల్లగా వంచాలి. మధ్యలో ఉన్న ఇరిడియం మొనకి ఆన్చి ఎత్తితే అది పుటుక్కున విరుగుతుంది.

నాలుగు కాళ్లకి నాలుగు స్పార్కులు రావు. కరెంటు ఎటు సులువైతే అటే దూకుతుంది, ఒకసారికి ఒక్క కాలికే. కాళ్లు ఎక్కువుంటే అరుగుదల పంచుకుంటాయి, అంతవరకే లాభం.

లక్ష కిలోమీటర్ల మాట కొన్ని ప్లగ్గులకి, మార్పులు చేయని ఇంజిన్‌లో, నిజమే. మొనకి ఇరిడియం, ఎదురుగా ఉన్న కాలికి ప్లాటినం చుక్క ఉన్నవి చాలాకాలం నడుస్తాయి. ఎన్‌జీకే ఇరిడియం ఐఎక్స్ లాంటి వాటిలో కాలు మామూలు నికెల్‌దే, అది ముందే అరుగుతుంది. రీమ్యాప్ కారులోనైతే నేను పదిహేను, ఇరవై వేల కిలోమీటర్లకోసారి విప్పిస్తాను. అరుగుదల ఒక్కటే కాదు, లోపల ఏం జరుగుతోందో ప్లగ్గు చూపిస్తుంది. పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు చిన్న చిన్న చుక్కలు కనబడితే నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి పేలినట్టు కాలడం) మొదలైనట్టు. అందులో మెరిసేవి ఉంటే అది పిస్టన్ నుంచి లేచిన అల్యూమినియం. అప్పుడు మార్చాల్సింది ప్లగ్గు కాదు, ట్యూనర్ దగ్గరికి వెళ్లి మ్యాప్ చూపించాలి, ఏ పెట్రోలు పోస్తున్నారో చెప్పాలి. ఆ మ్యాప్ 100 ఆక్టేన్ (నాకింగ్‌ని ఎక్కువ తట్టుకునే) పెట్రోలుకి రాసినదై, మీరు మామూలుది పోస్తుంటే ఏ కోల్డ్ ప్లగ్గూ కాపాడలేదు.

గ్రీజు వద్దు. ఎన్‌జీకే ప్లగ్గుల మరలకి తుప్పు పట్టకుండా పూత వేసే పంపుతారు. పైన ఇంకేదైనా రాస్తే మర జారుడుగా మారి, టార్క్ రెంచ్ చూపించే దానికంటే ఎక్కువ బిగుసుకుంటుంది. అల్యూమినియం హెడ్‌లో మరలు ఊడొస్తే ఖర్చు ప్లగ్గుల ధరలో ఉండదు. వాషర్ ఉన్న 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకి 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మిల్లీమీటర్లదానికి 15 నుంచి 20 చాలు. టార్క్ రెంచ్ లేకపోతే, ఇంజిన్ చల్లారాక, వాషర్ ఉన్న 14 మిల్లీమీటర్ల కొత్త ప్లగ్గుని చేత్తో ఆగే దాకా తిప్పి, ఆపైన స్పానర్‌తో అర చుట్టు నుంచి మూడింట రెండొంతుల చుట్టు.