అల్కటి పనుల శాస్త్రం

కూలి రేట్లలో, జీతాల్లో మన దగ్గర అన్యాయం జరుగుతోందని ఈ మధ్య చదువుకున్నవాళ్లు కూడా అనేస్తున్నారు. ఆడవాళ్లకు తక్కువట. కులాన్ని బట్టి తక్కువట. ఎంత చదివినా తక్కువేనట. వరంగల్ చుట్టుపక్కల ఈ రేట్లు ఎంత పకడ్బందీ సూత్రం మీద నడుస్తున్నాయో తెలియక అనే మాటలివి. ఆ సూత్రాన్ని ఇంతవరకు ఎవరూ కాగితం మీద పెట్టలేదు కాబట్టి ఆ బాధ్యత నేను తీసుకుంటున్నాను.

ముందు చట్టం సంగతి. సమాన పనికి ఆడవాళ్లకూ మగవాళ్లకూ సమాన వేతనం ఉండాలని రాజ్యాంగం 39వ అధికరణంలో రాసుకున్నాం. 1976లో సమాన వేతన చట్టం చేసుకున్నాం. 2019లో దాన్ని తీసుకుపోయి వేతనాల కోడ్‌లో కలిపాం. మన రైతు గానీ, సేటు గానీ, కాలేజీ చైర్మన్ గానీ వీటిలో ఒక్కదాన్నీ ధిక్కరించలేదు. ఒకే రకం పనికి ఒకే కూలి ఇవ్వాలన్నారు కదా, ఏ ఇద్దరి పనీ ఒకే రకం కాకుండా చూసుకున్నారు. చట్టం మీద ఇంతకన్నా భయభక్తులు ఇంకెవరికున్నాయి?

నమ్మకం కుదరకపోతే శ్రావణంలో పరకాల దిక్కు ఏ పత్తి చేనుకైనా పోయి చూడండి. కొంగు నెత్తికి చుట్టుకుని, సాలు సాలుకూ నడుం వంచి, పొద్దున తొమ్మిదింటి నుంచి కలుపు తీస్తున్న ఆడవాళ్లు వరసగా కనబడతారు. అదే చేన్లో వీపుకు పంపు తగిలించుకుని మందు కొట్టే మగమనిషి ఒకడుంటాడు. ఆయన పని పెందలాడే అయిపోతుంది. కాళ్లు చేతులు కడుక్కుని వేపచెట్టు కింద కూర్చుంటాడు. పొద్దుగూకినాక లెక్క తేలేసరికి ఆయనకిచ్చిన దాంట్లో సగమో, సగానికి కొంచెం పైనో ఆడమనిషి చేతిలో పడుతుంది.

"అన్నకు గన్ని, నాకు గిన్నేనా పటేలా?"

"ఆయనది మందు కొట్టుడు. నీది కలుపే గదనే, అల్కటి పని."

"గంత అల్కగుంటె రేపు నువ్వే వంగరాదు!"

పటేలు వంగడు. వంగితే సూత్రం చెడిపోతుంది. సూత్రమేమిటంటే, ముందు మనిషిని తూచాలి, ఆ తరువాతే పని బరువు రాసుకోవాలి. ఆడమనిషి చేసినంతకాలం ఏ పనైనా అల్కటిదే, అంటే తేలికదే. మగవాడు చెయ్యి పెట్టిన మరునాటి నుంచి అదే పని బరువెక్కుతుంది.

దీనికి తిరుగులేని రుజువు వరి నాటు. నాటు ఆడవాళ్ల చేతికే అబ్బుతుందని, మగవాడు వేస్తే పిలక రాదని తరతరాలుగా చెప్పుకున్నాం. అందుకే అది అల్కటి పనుల పట్టికలో నిశ్చింతగా ఉండేది. కొన్నేళ్ల నుంచి కరీంనగర్, పెద్దపల్లి, వరంగల్ పొలాల్లోకి బీహార్ నుంచి, పశ్చిమ బెంగాల్ నుంచి మగ కూలీల గుంపులు దిగుతున్నాయి. మోకాలి లోతు బురదలో వెనక్కి వెనక్కి అడుగులేస్తూ, మన ఆడవాళ్లు ఎట్లా వేస్తారో అట్లాగే నాటేస్తున్నారు. పిలక ఏ అభ్యంతరమూ చెప్పకుండా వస్తోంది. దాంతో నాటుకు రాత్రికి రాత్రే మర్యాద పెరిగింది. ఎకరానికి ఇంతని గుత్త మాట్లాడుకోవడం వచ్చింది. మధ్యలో మేస్త్రీ వచ్చాడు, అడ్వాన్సు వచ్చింది, పడుకోవడానికి షెడ్డు, వండుకోవడానికి బియ్యం వచ్చాయి. వేలేళ్లుగా నాటుతున్నవాళ్లకు ఒక్క టీ నీళ్లే దక్కేవి, అవీ పాలు తక్కువైనవి.

ఇంతా చేసి ఆ వచ్చినవాళ్లకు మన మగవాడి ధర ఇస్తున్నామా అంటే, అదీ లేదు. వాళ్లు మగవాళ్లే గానీ తెలుగు రాని మగవాళ్లు. రైలు దిగి వచ్చిన మనిషికి బేరమాడే భాష ఉండదు కాబట్టి ఆ తేడా వాళ్లే ఇంకో రెండు ఎకరాలు ఎక్కువ నాటి పూడ్చుకోవాలి. మన శాస్త్రం రాష్ట్రాల సరిహద్దులు దాటి కూడా పనిచేస్తుందనడానికి ఇది చాలు.

ఈ క్రమశిక్షణకు గండి కొట్టింది ఒక్కటే, 2005 నాటి ఉపాధి హామీ చట్టం. మన తెలంగాణకు 2025-26లో రోజు కూలి 307 రూపాయలని ప్రకటించారు. గడ్డపార పట్టినవాడికీ 307 లెక్కే, తట్ట మోసిన ఆమెకూ 307 లెక్కే. ఇంత మొరటుగానా! పనిచేసేవాళ్లలో మూడో వంతైనా ఆడవాళ్లు ఉండాలని చట్టం అడిగితే, మన దగ్గర సగానికి మించి వాళ్లే వచ్చి నిలబడ్డారు. "ఉపాధి పని వచ్చినంక కూలోళ్లు దొరుకుతలేరు" అని ఊరూరా పటేళ్లు ఎందుకు కుమిలిపోయారో నాకు బాగా తెలుసు. కూలోళ్లు దొరక్కపోవడం చిన్న బాధ. వాళ్లకు లెక్క దొరకడం పెద్ద బాధ.

బీడీ సంగతికి వస్తే సూత్రం ఇంకా సొగసుగా ఉంటుంది. ఏటూరునాగారం, భూపాలపల్లి అడవుల్లో ఎండాకాలం తెల్లవారకముందే కోయ ఆడవాళ్లు తునికాకు కోతకు పోతారు. కోసుకొచ్చి యాభై ఆకులకొక కట్ట కడతారు. ఎండ కింద ఎలుగుబంటి వచ్చినా కట్టలో నలభై తొమ్మిది ఉండకూడదు. ఆ ఆకు కల్లం నుంచి లారీ ఎక్కి సిరిసిల్లకో కోరుట్లకో మెట్‌పల్లికో పోయి ఇంకో ఆడమనిషి ఒళ్లోని చాటలో పడుతుంది. ఆమె దాన్ని నానబెట్టి, సైజుకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, మూతి మడుస్తుంది. అట్లా వెయ్యి చుడితే వెయ్యికి ఇంతని లెక్క. కట్టుకున్నవాడు దుబాయ్‌లో ఉంటాడు, లేకపోతే భీవండిలో. చుట్టిన బీడీలు పట్టుకుని కార్ఖానాకు పోతే అక్కడొక మగవాడు కూర్చుని, ఇది సన్నం, ఇది వదులు, ఇది పగిలిందని పక్కకు పారేస్తాడు. పారేసినవాటికి పైసలుండవు. చుట్టిన చేతికి వెయ్యి లెక్కన, పారేసిన చేతికి నెల జీతం. చుట్టడం కన్నా పారేయడానికి ఎంతో ఎక్కువ నైపుణ్యం కావాలని దీన్నిబట్టి తెలుస్తోంది.

"ఇంట్ల కూసోనే గద చేసేది" అంటారు. జనం రోజులో ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారో తెలుసుకోవడానికి కేంద్ర గణాంకాల శాఖ 2024లో సమయ వినియోగ సర్వే చేయించింది. జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు పెడుతున్నారట, మగవాళ్లు 88 నిమిషాలట. ఆ పనిలో చెయ్యి పెట్టినవాళ్లను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే వచ్చిన సగటు అది. 88 అన్న అంకె విని మా వాడకట్టులో మగవాళ్లు చాలా కలత చెందారు. ఎవరో గుట్టుగా చేస్తున్నారని ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటున్నారు.

చదువుకుంటే ఇవన్నీ పోతాయని ఒక వాదం ఉంది. అమెరికాలో పోతాయేమో. అక్కడి కార్మిక గణాంకాల శాఖ 2023 లెక్కలో హైస్కూలుతో ఆపినవాళ్ల మధ్యస్థ సంపాదన వారానికి 899 డాలర్లు, డిగ్రీ పట్టా ఉన్నవాళ్లది 1,493 డాలర్లు. చదువు పెరిగితే జీతం పెరగడం! ఎంత ముతక పద్ధతో చూడండి. అయితే వాళ్లను మరీ తీసిపారేయడానికీ లేదు. ఏడాది పొడవునా పూర్తికాలం పనిచేసే ఆడవాళ్ల సంపాదన 2023లో అక్కడ మగవాళ్లకు వంద వస్తే 83 దగ్గరే ఆగింది. నల్లజాతి ఆడవాళ్లకు, హిస్పానిక్ ఆడవాళ్లకు అంతకన్నా తక్కువ. మన పటేలు ఎప్పుడో అటువైపు పోయి వచ్చి ఉంటాడు.

మన దగ్గర చదువు ధర ఎట్లా పలుకుతుందో వరంగల్ ఎనుమాముల మార్కెట్ ఎరిగినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. మిర్చి సీజన్లో పొద్దున్నే మంచి సరుకున్న ఒక్క లాటు దగ్గర జెండా పాట పాడతారు. ఆ ధర మర్నాడు పేపర్లో పెద్ద అక్షరాలతో వస్తుంది. ఆ తరువాత మిగతా రైతుల బస్తాలు విప్పి, తేమ ఉందని, తాలు కలిసిందని, రంగు తగ్గిందని కోత మొదలుపెడతారు. వరంగల్ నిట్ ఇంజినీరింగ్ కాలేజీలో ఫలానా విద్యార్థికి ఇన్ని లక్షల ప్యాకేజీ అని ఏటా వచ్చే వార్త కూడా జెండా పాటే. 1959లో ఆర్‌ఈసీగా మొదలైన ఆ కాలేజీ మంచి సరుకే పెడుతుంది, అందులో అబద్ధం లేదు. ఆ ఒక్క లాటు ధర చదివి జిల్లాలో ప్రతి తండ్రీ రెండెకరాలు కుదువబెట్టి కొడుకును ఏదో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో దింపి వస్తాడు. నాలుగేళ్లయ్యాక పిల్లగాడిలో తేమ శాతం బయటపడుతుంది.

2022 చివర్లో గ్రూప్-4 నోటిఫికేషన్ పడితే ఎనిమిది వేల పైచిలుకు పోస్టులకు తొమ్మిదిన్నర లక్షల దరఖాస్తులు వచ్చాయి. ఆ దరఖాస్తుదారులంతా ఇప్పుడు ఏం చేస్తున్నారని అడగకండి. హన్మకొండలో ఏ రాత్రైనా బిర్యానీ ఆర్డరిచ్చి, తెచ్చిన పిల్లగాడిని ఏం చదివినవ్ బిడ్డా అని అడగండి, చాలు. ఇంకా పైకి చదివి పీహెచ్‌డీ చేసినవాళ్లకైతే ప్రత్యేక గౌరవమే ఉంది. ఒకానొక ప్రైవేటు కాలేజీలో, పేరెందుకులెండి, అధ్యాపకుడి ఖాతాలో జీతం నిబంధనల ప్రకారం పైసా తగ్గకుండా పడుతుంది. ఏటీఎం కార్డు మాత్రం ఆఫీసు బీరువాలో ఉంటుంది. అంత చదువుకున్న మనిషికి పిన్ నంబరు గుర్తుపెట్టుకునే భారం కూడా ఎందుకని యాజమాన్యం దయ తలచింది.

అయితే చదువు వృథా అని మాత్రం నేను ఒప్పుకోను. జీతంలో రాని విలువ పెండ్లి మాటల్లో వస్తుంది. "పిల్లగాడు బీటెక్. ఇప్పుడైతె ఖాళీనే, ఏదో కోర్సు నేర్సుకుంటుండు" అన్నా సరే, ఆ బీటెక్‌కు ఒక రేటుంది. కొలువుంటే ఒకటి, సర్కారు కొలువైతే ఇంకొకటి, అమెరికా వీసా అయితే ఎకరాల్లో మాట్లాడుకోవాలి. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది, కాబట్టి ఇదంతా కట్నం కాదు, పెట్టుపోతలు. అమ్మాయి ఎంటెక్ చదివితే మాత్రం వ్యవహారం తలకిందులవుతుంది. ఆమెకు తగ్గవాడిని తేవాలంటే ఆమె కన్నా ఎక్కువ చదివినవాడు కావాలి, వాడి రేటు ఎక్కువ. ఆమె ఇంకో ఏడాది చదివిందంటే తండ్రికి ఇంకో ఎకరం పోయినట్టే. అదే పుస్తకం, అదే పరీక్ష, అదే మార్కులు. వాడికి జమ, ఆమెకు ఖర్చు.

పోనీ ఆమె ఉద్యోగానికే పోతుందనుకుందాం. బడిలో టీచరు పోస్టుకు ఇంటర్వ్యూ. లెక్కల్లో ఒక్క ప్రశ్న వేస్తారు. మిగతావన్నీ పెండ్లయిందా, పిల్లలున్నరా, లేకుంటే ఎప్పుడనుకుంటున్నరు, అత్త దగ్గరుంటదా అని. 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ రెండు వందల ఏళ్ల అమెరికా లెక్కలు తవ్వి, ఆడ, మగ సంపాదనల మధ్య ఇప్పటి తేడాలో ఎక్కువ భాగం మొదటి బిడ్డ పుట్టడంతో మొదలవుతుందని తేల్చారు. మన కరస్పాండెంట్ సారు అంత శ్రమ పెట్టుకోలేదు. బిడ్డ పుట్టకముందే, అసలు సంబంధమే కుదరకముందే, ముందుజాగ్రత్తగా తగ్గించేశాడు.

ఇక కులం. ప్రైవేటువాళ్లు మేం కులం చూడం అంటారు, నిజమే, చూడరు. "ఇంటిపేరేంది?" అంటారు. అందులో తేలకపోతే "ఏ ఊరు?" అంటారు. అప్పటికీ తేలకపోతే "ఊర్లె మీ ఇల్లు ఎటుదిక్కుంటది?" అంటారు. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం కుల సర్వే కోసం 75 ప్రశ్నల కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి సాధించింది వీళ్లు మూడు ప్రశ్నల్లో సాధిస్తారు. మేధావులు దీన్ని పరీక్షించారు కూడా. సుఖదేవ్ థోరాట్, పాల్ అట్‌వెల్ పేపర్లో పడిన ప్రైవేటు ఉద్యోగాల ప్రకటనలకు ఒకే చదువు, ఒకే అర్హతతో దరఖాస్తులు పంపారు. మార్చింది పేర్లను మాత్రమే. దళితుల పేర్లున్నవాటికి, ముస్లింల పేర్లున్నవాటికి పిలుపులు తక్కువ వచ్చాయని 2007లో అచ్చువేశారు. చదివేవాడు ముందు పేరే చదువుతాడు, అది పైన ఉంటుంది కాబట్టి. దరఖాస్తులో పేరును చివరి పేజీలో రాయమంటే సరిపోయేదానికి ఇంత పరిశోధన.

ఆ 2024 కుల సర్వేలో బీసీలు 56.33 శాతం, ఎస్సీలు 17.43, ఎస్టీలు 10.45 అని తేలింది. ఆ శాతాలు పట్టుకుని పొద్దున ఐదింటికి ఏ పట్టణంలోనైనా రోడ్డు మీద నిలబడి, చీపురు పట్టినవాళ్లతో, మోరీలో దిగినవాళ్లతో సరిచూడండి. పై కులాల వాటా అక్కడ ఖాళీగా ఉంటుంది. ఏజెన్సీ కింద కొలువు, నెలనెలా జీతం వస్తుందో రాదో తెలియదు, చేతికి గ్లోవ్స్ ఇస్తే ఇచ్చినట్టు. ప్రతిభ లేనివాళ్లకు ఉద్యోగాలిస్తున్నారని ప్రతి పెండ్లి భోజనం దగ్గరా బాధపడే పెద్దమనుషులు ఈ పోస్టులకు మాత్రం తమ పిల్లల ప్రతిభను దాచిపెడుతున్నారు.

ఇంతవరకు శాస్త్రం భద్రంగానే ఉంది. నన్ను నిద్రపోనివ్వనిది వేరే ఉంది. కొన్ని ఊర్లలో ఆడవాళ్లు పదిమంది పదిహేనుమంది జట్టు కట్టి, బీహార్ గుంపును చూసి నేర్చుకున్నారో ఏమో, రోజు కూలికి రామంటున్నారు. నాటైనా కలుపైనా ఎకరానికి ఇంతని గుత్తకు మాట్లాడుకుంటున్నారు. పొద్దున ఆరింటికే దిగి, రెండింటికల్లా ఒడ్డెక్కి, ఫోన్‌లో పైసలు వేయించుకుని, ఎవరి వాటా వాళ్లు పంచుకుంటున్నారు. పటేలు తన ధర్మం ప్రకారం అడిగాడు:

"మగోళ్ల గుంపుకిచ్చిన రేటే మీకూ ఇయ్యాల్నా?"

"ఎకరం గదా పటేలా. పోయినేడు వాళ్లు నాటినప్పుడు ఎన్ని గుంటలుండె?"

ఆయన దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఆడవాళ్లు నాటితే ఎకరానికి నలభై కాక ముప్పై గుంటలే అవుతాయని భూ రికార్డుల్లో ఎక్కడైనా ఉందేమోనని వెతుకుతున్నాను. వచ్చే వానాకాలానికి రెండు నెలలే ఉంది. తెలిసినవాళ్లు సర్వే నంబరుతో సహా వెంటనే పంపగలరు.