పక్కింటి పునాది లోతు మీకెందుకు?

"పక్కింటాయన ఐదడుగులు తవ్వాడు, మనమూ ఐదే తవ్వుదాం." ఇంతకు మించిన లెక్క లేకుండా పునాది లోతు తేలిపోతున్న ఇళ్ళు బోలెడు. టైల్స్ రంగు కోసం వారాల తరబడి షాపులు తిరిగే మనిషి, ఇల్లు నిలబడాల్సిన మట్టిని పిడికెడు తీసి చూడడు. రేపు గోడ ఐమూలగా పగిలితే మాత్రం మేస్త్రీ దొంగ, సిమెంటు నకిలీ! ఆ మట్టి నీళ్ళు తగిలితే ఏం చేస్తుందో ముందే కనుక్కుంటే సగం తగాదాలు ఉండవు.

నల్లరేగడితోనే అసలు పేచీ. అందులోని మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమన్ను నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. ఇల్లంతా ఒకేలా లేచి ఒకేలా దిగితే పెద్ద బాధ లేదు. కానీ ఇంటి నడిమి భాగం కింద తేమ నిలకడగా ఉంటుంది, అంచులు మాత్రం వానకు లేస్తూ ఎండకు దిగుతూ ఉంటాయి. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా వచ్చే పగుళ్ళు ఆ తేడావే. నాలుగు ఇనుప కడ్డీలు ఎక్కువ వేస్తే ఆగిపోతుందనుకోవడం భ్రమ.

దీనికి చవకైన పరీక్ష ఉంది. 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన పొడి మట్టిని 10 గ్రాముల చొప్పున రెండు 100 మి.లీ. కొలజాడీల్లో వేసి, ఒకదాంట్లో నీళ్ళు, రెండోదాంట్లో కిరోసిన్ పోసి 24 గంటలు వదిలేయాలి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. అక్కడ 10 మి.లీ. దగ్గర ఆగి, నీళ్ళలో 16కు చేరితే ఉబ్బు 60 శాతం అన్నమాట. 50 దాటిందా, మామూలు ఫుటింగుల (స్తంభాల కింద పోసే వెడల్పాటి కాంక్రీటు దిమ్మెల) మాట పక్కన పెట్టి ఇంజినీరును కలవాల్సిందే. రేగడి పొర రెండు మూడు అడుగులే అయితే మొత్తం తీసేసి కింది గట్టి మొరం మీద పునాది వేయడం తేలిక. లోతుగా ఉంటే అండర్ రీమ్డ్ పైల్స్, అంటే అడుగున బల్బులా ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలు, కావాలి. అవి తేమ మారని లోతు దాకా, కనీసం 3.5 మీటర్లు దిగాలి. బల్బు వ్యాసం పైల్ వ్యాసానికి దాదాపు రెండున్నర రెట్లు. ఇంత ఖర్చూ పెట్టి చాలామంది చేసే తప్పు ఏమిటంటే, పైల్స్ మీది బీమును నేరుగా మట్టి మీదే పోసేయడం. బీము కింద 80 మి.మీ. ఖాళీ వదలకపోతే ఉబ్బిన మట్టి దాన్ని కిందనుంచి ఎత్తేస్తుంది.

పునాదిలోంచి తవ్విన నల్లమట్టినే బేస్‌మెంట్‌లో నింపే ఘనులూ ఉన్నారు. గోడలు నిలిచినా గచ్చు పైకి లేస్తుంది. మొరం పోసి, 15–20 సెం.మీ. పొరకో మారు తడిపి దిమ్మిస కొట్టాలి.

ఇసుక నేల ఉబ్బదు, తవ్వేటప్పుడు గోతి గోడలు కూలకుండా చూసుకుంటే చాలావరకు నయం. గట్టి ఎర్రనేల దొరికినవాడు అదృష్టవంతుడే, స్థలంలో సగం పాత గుంత పూడ్చింది కాకపోతే.

ఇక సెప్టిక్ ట్యాంకు. ట్యాంకు మురుగును శుభ్రం చేసేస్తుందన్నది అపోహ. అది గట్టి పదార్థాన్ని అడుగున ఆపి కొంత కుళ్ళబెడుతుంది, నూనెను పైన ఆపుతుంది, అంతే. బయటికొచ్చే నీళ్ళను వడకట్టాల్సింది మట్టే. అందుకే సోక్ పిట్ (ఆ నీళ్ళు ఇంకే గొయ్యి) తవ్వే ముందు ఇంకుడు పరీక్ష చేయాలి. పిట్ దిగే లోతులో అడుగు వెడల్పు గుంట తీసి, అడుగున 5 సెం.మీ. కంకర వేసి, రాత్రంతా నీళ్ళతో నాననివ్వాలి. ఎండిన రేగడి నెర్రెల్లోకి మొదటి నీళ్ళు గటగటా పోతాయి, దాన్ని నమ్మితే మోసపోయినట్టే. మర్నాడు కంకర మీద 15 సెం.మీ. నీళ్ళు నిలిపి, 25 మి.మీ. దిగడానికి ఎంతసేపు పట్టిందో చూడాలి. 30 నిమిషాల లోపైతే సోక్ పిట్ పనిచేస్తుంది. 30–60 అయితే గొయ్యి బదులు పొడవాటి కందకాలు తీయాలి. గంట దాటితే ఆ నేలలో ఇంకించాలన్న ఆలోచనే మానుకోవాలి. ఎంత పెద్ద గొయ్యి తవ్వినా అది ఇంకో ట్యాంకు అవుతుంది. బంకమన్ను తడిగా ఉన్నప్పుడు తవ్వితే పార తగిలిన గోడలు నున్నగా మెత్తుకుపోయి రంధ్రాలు మూసుకుంటాయి. గీకి గరుకు చేయాలి.

ఇసుకలో ప్రమాదం దీనికి పూర్తిగా తిరగబడుతుంది. నీళ్ళు వడకట్టే వ్యవధి లేకుండానే జారిపోయి బావిలో తేలతాయి. బావికీ బోరుకూ 18 మీటర్ల ఎడం తప్పనిసరి, కుదిరితే ఇంకా ఎక్కువ. పిట్ అడుగుకూ భూగర్భ జలానికీ మధ్య రెండు మీటర్ల పొడి మట్టి ఉండాలి. ఇంటికి 6 మీటర్ల దూరం. రేగడిలోనైతే పునాది పక్కన సోక్ పిట్ పెట్టడమంటే కోరి గోడ పగలగొట్టుకోవడమే.

తోటా అంతే. గోడకు ఆనించి పూలమళ్ళు వేసి రోజూ తడిపితే పునాది అంచును రోజూ ఉబ్బిస్తున్నట్టే. గోడ చుట్టూ ఒకటిన్నర మీటరు గచ్చు బయటికి వాలుగా పోసి, మళ్ళు ఆ అవతల వేసుకోండి. చెట్టైతే అది ఎంత ఎత్తు పెరుగుతుందో దాదాపు అంత దూరం.

తోట కోసం బంకమట్టిలో ఇసుక కలపమని చెప్పే సలహా వినకండి. దాదాపు సగానికి సగం కలిపితే తప్ప గుణం మారదు, కొంచెం కలిపితే ఇటుకలా గట్టిపడుతుంది. బాగా చివికిన పశువుల ఎరువే మందు. మొక్క గుంటలో మాత్రమే మంచి మట్టి నింపినా చుట్టూ బంక ఉంటే నీళ్ళు అందులోనే నిలిచి వేళ్ళు కుళ్ళుతాయి. మొత్తం మడిని అడుగు ఎత్తు లేపడం మేలు.

బంకనేల అనగానే జిప్సం బస్తాలు దింపేవాళ్ళకు ఒక మాట. అది పనిచేసేది సోడియం ఎక్కువైన చవుడులో. పీహెచ్ 8.5 దాటని నేలకు దానితో ఒరిగేది దాదాపు ఏమీ లేదు. నిజంగా చవుడే అయినా, జిప్సం వేశాక నీళ్ళు నిలగట్టి, అవి కిందికో కాలువలోకో పోయే దారి చేయాలి. లేదంటే వదిలిన సోడియం అక్కడే ఉండిపోతుంది. ఆ నీళ్ళను ఇంటి వైపు మాత్రం మళ్ళించకండి.