బావమరిది, రెండో గేరు

పంచదార అడిగితే నిండుకుందనొచ్చు. కుక్కరు అడిగితే రబ్బరు పోయిందనొచ్చు. గుమ్మం ముందు ఎర్రగా నిగనిగలాడుతూ నిలబడ్డ రెండు తలుపుల కారును బావమరిది అడిగితే లేదని చెప్పే మాట మాత్రం కృష్ణా, గుంటూరు జిల్లాల తెలుగులో ఇంకా పుట్టలేదు. భాషా పండితులు ఈ లోటు మీద దృష్టి పెట్టాలని సవినయంగా మనవి.

మాది విజయవాడ పటమట. కారు కొన్నప్పుడు దుర్గమ్మకి మొక్కుకుని, పూజ చేయించి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించాం. ఐదోది గేరు రాడ్డు దగ్గర పెట్టాలని పంతులుగారికీ తోచలేదు, నాకూ తోచలేదు.

"బావా, గుంటూరులో ఫ్రెండు పెళ్లి. పెళ్లికొడుకుని ఊరేగించి సాయంత్రానికల్లా తెచ్చిస్తా" అన్నాడు. మా ఆవిడ నా వైపు చూసింది. తాళం ఇచ్చేశాను.

బ్రోడీపేటలో ఊరేగింపు. మన ఊరేగింపుల్లో కారు కదలడం ముఖ్యం కాదు, అరవాలి. నడిరోడ్డు మీద న్యూట్రల్‌లో పెట్టి బ్యాండు మేళంతో పోటీ పడాలి. బండి ఆగి ఉంటే రేడియేటరుకి ఎదురుగాలి తగలదు, ఫ్యానొక్కటే దిక్కు. అదీ గుంటూరు మే నెల ఎండలో. పైగా స్టార్ట్ చేసిన వెంటనే, ఆయిలు ఇంకా వేడెక్కకముందే తొక్కితే లోపల అరుగుడు తప్పదు. ఇవన్నీ ముందే చెప్పబోయాను. "సౌండు రానప్పుడు స్పోర్ట్స్ కారెందుకు బావా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

నిజం చెప్పాలంటే ఇంజన్ ప్రాణం మీదికి తెచ్చింది ఆ అరుపులు కావు. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా, ఇంజన్ వేగం చూపే మీటరులో ఎర్రగీత దగ్గర రెవ్ లిమిటర్ అనే కాపలాదారు ఇంధనం ఆపేస్తుంది. ముల్లు అక్కడే టకటకా కొట్టుకుంటుందే తప్ప పైకి పోదు. అసలు ఘనకార్యం తిరుగు ప్రయాణంలో, కాజ టోల్‌గేటు దాటాక జరిగింది. మూడో గేరులో ఇంజన్ని నిమిషానికి 6,500 చుట్ల దాకా లాగి, నాలుగులో వేయబోయి రెండులో వేశాడు. నేరుగా కిందికి లాగాల్సిన రాడ్డు కాస్త ఎడమకి జారింది, అంతే. లిమిటర్ ఇంధనాన్ని ఆపగలదు గానీ చక్రాలను ఆపలేదు కదా. క్లచ్ వదలగానే రోడ్డు మీద దొర్లుతున్న చక్రాలే ఇంజన్ని పట్టుకుని 8,500 దాటించి తిప్పేశాయి. ఆ వేగానికి స్ప్రింగులు వాల్వుల్ని వేళకి మూయలేవు. పైకొచ్చిన పిస్టన్ వాటిని గుద్దుతుంది. దీన్ని మనీ షిఫ్ట్ అంటారట. గేరు తప్పు చోట పడుతుంది, డబ్బు మాత్రం సరిగ్గా మెకానిక్ జేబులోనే పడుతుంది.

సాయంత్రానికి కారు దగ్గుతూ ఇంటికొచ్చింది. "పెట్రోల్లో కల్తీ ఉన్నట్టుంది బావా."

ఆటోనగర్ మేస్త్రీ బానెట్ కూడా ఎత్తలేదు. చెవి ఒగ్గి విని, "బావమరిదాండీ?" అన్నాడు.

సర్వీసు సెంటర్లో లాప్‌టాప్ తగిలించారు. ఇలాంటి కార్లలోని కంప్యూటర్‌కి పద్దులు రాయడంలో మన వడ్డీ వ్యాపారులంత శ్రద్ధ. పోర్షే వాళ్లయితే గీత దాటిన వేగాలను ఆరు తరగతులుగా విడగొట్టి, చివరిసారి ఇంజన్ ఎన్ని గంటలు తిరిగాక దాటిందో కూడా రాయిస్తారు. మా కారు చిట్టాలో పై తరగతిలో ఒకే ఒక్క పద్దు. గంటలు వెనక్కి లెక్కేస్తే కాజ టోల్‌గేటు ముహూర్తానికి సరిపోయింది. (కింది తరగతుల్లో కనిపించిన అంకెలు ఈ వ్యాసానికి అప్రస్తుతం. ఆ నెలల్లో కారు నేనొక్కణ్నే నడిపిన మాట వాస్తవమే.)

"మూడేళ్ల వారంటీ తయారీ లోపాలకేనండి. తప్పు గేరు వేయడం తయారీ లోపం కిందికి రాదు" అన్నాడు అక్కడి కుర్రాడు, ఎంతో మర్యాదగా.

ముమ్మాటికీ తయారీ లోపమేనని వాదిద్దామనుకున్నాను. కానీ ఆ తయారీదారు, అంటే మా మామగారు, పక్క కుర్చీలోనే కూర్చుని టీ తాగుతున్నారు.

కప్పు కింద పెట్టి ఆయనే అన్నారు: "పరాయివాడి మాట ఇంతే అల్లుడుగారూ. మూడేళ్లు చూసుకుంటానన్నాడు, చూశాడా? మనవాడు సాయంత్రానికి తెస్తానన్నాడు, తెచ్చాడు."