డుబ్రోవ్నిక్‌లో తొమ్మిది గంటలు మీవేనా? ఒక ఫార్వర్డ్‌కి ఖండన

విశాఖ వాట్సాప్ గ్రూపుల్లో, ముఖ్యంగా నాలుగైదు కుటుంబాలు కలిసి యూరప్ క్రూయిజ్ బుక్ చేసుకునే గ్రూపుల్లో, ఒక సందేశం తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "డుబ్రోవ్నిక్‌లో ఓడ ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా ఆగుతుంది. తొమ్మిది గంటలూ మీవే. ఓడ దిగితే కోట గుమ్మమే. ముందు ఊరు చూసి, రోప్‌వేలో కొండెక్కి, తీరిగ్గా తిని, చివర్లో కోటగోడ చుట్టి రండి, గంట పని. ఇప్పుడు రోజుకి రెండు ఓడలే కాబట్టి రద్దీ లేదు. ఓడవాళ్ళ టూర్లు శుద్ధ దండగ, కాస్త ఆలస్యమైనా ఓడ ఆగుతుంది. సింగిల్ ఎంట్రీ వీసా చాలు. కొన్ని కునాలు మార్చుకోండి."

క్రొయేషియా తీరంలోని ఈ ఊరు చూడదగ్గదన్నంతవరకూ పేచీ లేదు. 1979 నుంచీ యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. మిగతావాటిలో దాదాపు ప్రతి వాక్యం దగ్గరా ఎవరో ఒకరు ఇబ్బంది పడతారు.

"తొమ్మిది గంటలూ మీవే." ఈ లెక్క వెనకనుంచి వేయాలి. ఓడ 5కి కదులుతుందంటే ప్రయాణికులంతా లోపల ఉండాల్సిన వేళ సాధారణంగా 4:30. కొన్ని కంపెనీలు ఇంకా ముందే రమ్మంటాయి. ముందురోజు రాత్రి గదికి వచ్చే కాగితంలో రాసి ఉంటుంది. రేవులో భద్రతా తనిఖీ క్యూ ఉంటుంది కాబట్టి 3:45కల్లా అక్కడికి చేరాలి. కోటగోడ లోపలి పాతనగరం పడమటి గుమ్మం, పిలె, దగ్గర మధ్యాహ్నం బస్సుకి జనం ఎగబడతారు. మొదటి బస్సులో చోటు దొరకదనే అనుకుని 3 గంటలకు ఆ స్టాపులో నిలబడాలి. ఇక ఉదయం సంగతి. 8కి ఓడ కట్టినా స్థానిక అధికారులు అనుమతించాకే దింపుతారు. లిఫ్టులు, గ్యాంగ్‌వే (ఓడ దిగే వంతెన), బస్సు అన్నీ దాటి పిలె చేరేసరికి 9:30. అంటే చేతిలో మిగిలింది ఐదున్నర గంటలు. ప్లాను దీనికే వేయాలి.

గడియారం విషయంలో ఇంకో చిక్కుంది. గ్రీసు నుంచి వచ్చే ఓడ అయితే క్రొయేషియా సమయం ఒక గంట వెనక. ఓడ తన సమయం మార్చుకుందో లేదో, మీ ఫోన్ ఏ టవర్ సమయం పట్టుకుందో, రెండూ ఒకటి కాకపోవచ్చు. ఓడలో ప్రకటించిన సమయమే లెక్క. మామూలు చేతిగడియారం ఒకటి దానికి సరిపెట్టుకుంటే గొడవ ఉండదు.

"ఓడ దిగితే కోట గుమ్మమే." పెద్ద ఓడలు కట్టేది గ్రూజ్ రేవులో. అక్కడినుంచి పిలె గుమ్మం దాదాపు 3 కిలోమీటర్లు, అంటే మన ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి ఆర్కే బీచికి ఉన్నంత దూరం. మధ్యలో ఎత్తుపల్లాలున్నాయి, నడిస్తే 35 నుంచి 40 నిమిషాలు. 1ఎ, 1బి సిటీ బస్సులు వెళ్తాయి. టికెట్ డ్రైవర్ దగ్గర కన్నా కియోస్కులో చవక. రానూపోనూ రెండూ అక్కడే కొనేయండి.

కొన్ని ఓడలు గ్రూజ్‌కి పోకుండా లోక్రుమ్ దీవి వైపు సముద్రంలో లంగరేసి, టెండర్ అనే చిన్న పడవల్లో జనాన్ని పాతరేవుకి చేరుస్తాయి. ఫార్వర్డ్ రాసినవారు ఇలా దిగి ఉండొచ్చు. అప్పుడు నిజంగానే గోడ పక్కనే కాలు పెడతాం. కానీ టెండర్‌కి టోకెన్లు, వరుసలు ఉంటాయి. ఓడవాళ్ళ టూర్ కొన్నవాళ్ళు ముందు దిగుతారు. సొంతంగా తిరిగేవాళ్ళ వంతు ఒక్కోసారి 10 దాటాక వస్తుంది. గాలి లేస్తే పడవలు దింపరు, ఆగడమే రద్దు. ప్రయాణపత్రంలో ఊరి పేరుంటే ఆగి తీరాలని లేదు. 2022 జూన్‌లో విశాఖ నుంచి బయల్దేరిన క్రూయిజ్‌కి పుదుచ్చేరి ప్రభుత్వం అనుమతి ఇవ్వకపోతే ఓడ అక్కడ ఎవర్నీ దించకుండానే చెన్నై పోయింది. మీ ఆగుడు గ్రూజ్‌లోనా, లంగరు మీదా అన్నది బుకింగ్ నాడే అడగండి. ముందే డబ్బు కట్టే బయటి టూర్ అయితే, ఓడ ఆగకపోతే డబ్బు వాపసిస్తారా అన్నది కూడా.

"చివర్లో కోటగోడ చుట్టి రండి, గంట పని." మొత్తం ఫార్వర్డ్‌లో అన్నిటికన్నా చెడ్డ సలహా ఇదే. గోడ చుట్టుకొలత 1,940 మీటర్లు. చదునైన బాట అయితే అరగంటే. కానీ అది మెట్లు ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. కొన్నిచోట్ల గోడ 25 మీటర్ల ఎత్తు. ఇరుకు చోట ముందున్నవాళ్ళు ఫొటోకి ఆగితే వెనక వరుసంతా ఆగాల్సిందే. గంటన్నర తక్కువ కాదు, పెద్దవాళ్ళుంటే రెండు గంటలు వేసుకోండి.

దారి ఒకే దిశలో, గడియారం ముల్లుకి ఎదురుగా. వెనక్కి తిరిగి రానివ్వరు. ఎక్కే చోట్లు మూడు: పిలె, తూర్పున ప్లోచె, పాతరేవు పక్కన సెయింట్ జాన్ కోట. ఎక్కువమంది బస్సు దిగినచోటే, పిలెలోనే, ఎక్కేస్తారు. అక్కడ మొదలెడితే ముందు సముద్రం వైపు గోడ, తర్వాత రేవు, చివర్లో అలిసిపోయాక అన్నిటికన్నా ఎత్తైన మించెత బురుజుకి ఎక్కుడు. ప్లోచెలో మొదలెడితే ఆ ఎక్కుడు ముందే అయిపోతుంది, క్యూ కూడా చిన్నది. పిలె నుంచి ప్లోచెకి స్ట్రాడున్ వీధి మీదుగా పది నిమిషాల నడక, అదీ చదునే. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి మాత్రం పిలె నయం. మొదటి నిట్టనిలువు మెట్లు ఓపిగ్గా ఎక్కేసి, సముద్రం వైపు మాత్రం చూసుకుని, సెయింట్ జాన్ దగ్గర దిగిపోవచ్చు. మించెత జోలికి పోనక్కర్లేదు. దిగాక మళ్ళీ ఎక్కొచ్చులే అనుకోకండి, టికెట్ ఒక్క చుట్టుకే.

మధ్యాహ్నం ఎందుకు వద్దంటే, గోడ మీద నీడ దాదాపు లేదు. "మే నెల విశాఖ ఎండ చూసినవాళ్ళం, ఇదెంత" అని మనవాళ్ళు తేలిగ్గా అనేస్తారు. మే నెలలో మనం రెండు గంటలకి బయట మెట్లెక్కుతున్నామా? తెల్ల సున్నపురాయి ఎండని మొహం మీదకి కొడుతుంది. గోడ మీద నీళ్ళ సీసా ఖరీదు, కింద ఒనోఫ్రియో ఫౌంటెన్ నీళ్ళు తాగడానికి పనికొస్తాయి, ఉచితం. ఎక్కేముందే సీసాలు నింపుకోండి. మరుగుదొడ్డి పని కూడా కిందే ముగించండి. వాన పడితే సమస్య వేరు: శతాబ్దాల అడుగులకి అరిగిన స్ట్రాడున్ రాళ్ళు తడిస్తే జారతాయి. తోలు చెప్పులు ఓడలోనే వదిలి, పట్టున్న రబ్బరు అడుగు బూట్లు వేసుకోండి.

టికెట్ సంగతి ఫార్వర్డ్‌లో అసలు లేదు, డబ్బు పోయేది అక్కడే. 2024లో గోడ టికెట్ 35 యూరోలు. ఒకరోజు డుబ్రోవ్నిక్ పాస్ కూడా 35 యూరోలే. అందులో గోడతో పాటు మ్యూజియాలు, సిటీ బస్సు కలిసి వస్తాయి. 2025లో రెండూ 40 అయ్యాయి. ధర ఒకటే అయినప్పుడు ఒట్టి గోడ టికెట్ కొనడం ఎందుకు? పాస్ ఆన్‌లైన్‌లో కొని ఫోన్‌లో పెట్టుకుంటే బస్సు టికెట్ వెతుకులాటా తప్పుతుంది.

రోప్‌వే బాగుంటుంది, కాదనం. 400 మీటర్లు దాటిన స్రుజ్ కొండ మీదికి నాలుగు నిమిషాల్లో తీసుకెళ్తుంది. కానీ గాలి ఎక్కువైతే ఆపేస్తారు, కింది స్టేషనుకి పాతనగరం నుంచి ఎత్తు ఎక్కాలి, టికెట్ పాస్‌లో కలవదు. ఐదున్నర గంటల్లో గోడ, భోజనం, రోప్‌వే మూడూ పెట్టుకుంటే మూడోది పరుగే. లంగరు రోజు అయితే ఏదో ఒకటి వదలాలి, రోప్‌వే వదిలి గోడ ఉంచుకోమనే మా ఓటు.

"రెండు ఓడలే, రద్దీ లేదు." 2019 నుంచి నగరం ఒకే సమయంలో రెండు ఓడలకి, సుమారు 4,000 మంది ప్రయాణికులకి పరిమితి పెట్టింది, నిజమే. అయితే ఆ లెక్కలో బస్సుల మీద వచ్చేవాళ్ళు, ఊళ్ళో హోటళ్ళలో ఉన్నవాళ్ళు లేరు. స్ట్రాడున్ పొడవు సుమారు 300 మీటర్లే. అందరూ 10 నుంచి 2 మధ్య అక్కడే ఉంటారు.

"టూర్లు దండగ, ఓడ ఆగుతుంది." ఓడవాళ్ళ దగ్గర కొన్న టూర్ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా తర్వాతి రేవుకి చేర్చే ఖర్చు కంపెనీ భరిస్తుంది. సొంతంగా తిరిగినవాళ్ళ కోసం ఆగదు. తర్వాతి రేవు మాంటెనెగ్రోలోని కోటోర్ అయితే రోడ్డు మీద 90 కిలోమీటర్ల లోపే, కానీ సరిహద్దు తనిఖీలో వేసవిలో గంటలు గడుస్తాయి. తర్వాతిది గ్రీసు అయితే విమానమే దిక్కు. డుబ్రోవ్నిక్‌లో మాత్రం టూర్ అవసరం చాలా తక్కువ, బస్సు అంత సులువు. అక్కడ ఫార్వర్డ్‌తో ఏకీభవిస్తాం. నడవలేని పెద్దవాళ్ళుంటే, లేదా టెండర్ రోజు ముందు దిగాలనుకుంటే కొనండి. సొంతంగా వెళ్తే ఓడ రేవు ఏజెంటు ఫోన్ నంబరు రాసుకోండి. రోజూ ఇచ్చే కాగితంలో ఉంటుంది.

ఇక వీసా. క్రొయేషియా 2023 జనవరి 1న షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో, చేరింది. అదేరోజు అక్కడి పాత కరెన్సీ కునా పోయి యూరో వచ్చింది. కునాలు మార్చుకోమన్నారంటేనే ఈ సందేశం అంతకుముందు రాసిందని తెలుస్తోంది. ఇప్పుడు కునా ఏ కొట్టులోనూ చెల్లదు. ఇటలీలో ఎక్కి, కోటోర్ చూసి, డుబ్రోవ్నిక్ వచ్చే ఓడ అనుకోండి. కోటోర్ షెంగెన్ బయట ఉంది, కాబట్టి డుబ్రోవ్నిక్‌లో రెండోసారి ప్రవేశిస్తున్నట్టు. సింగిల్ ఎంట్రీ వీసా అప్పటికే అయిపోయి ఉంటుంది. ఓడ తిరిగే దారిలో మాంటెనెగ్రో, అల్బేనియా, టర్కీ వీటిలో ఏది ఉన్నా దరఖాస్తులోనే మల్టిపుల్ ఎంట్రీ అడగండి, క్రూయిజ్ బుకింగ్ పత్రం జతచేయండి. కొన్ని ఓడలు పాస్‌పోర్టులు తమ దగ్గరే ఉంచుకుంటాయి. అప్పుడు పాస్‌పోర్టు, వీసా పేజీల జిరాక్సు, ఓడ కార్డు జేబులో పెట్టుకుని దిగండి.