ఈసారి సెలవులు కాలవగట్టు మీద

ఫిబ్రవరి దాటేసరికి అమెరికాలో ఉంటున్న మన తెలుగు ఇళ్ళల్లో ఒకటే చర్చ. ఈసారి సెలవులకి ఎక్కడికి? మా ఆయనకి పాత గుళ్ళు, కోటలు, మ్యూజియాలు ఉన్న ఊరు కావాలి. పిల్లలకి సముద్రం కావాలి, అదీ గదిలోంచి చెప్పుల్లేకుండా ఇసకలోకి దిగిపోయేటంత దగ్గరగా. నాకేమో ఎవరూ తొందరపెట్టని పల్లెటూరు చాలు. రోమ్ అని ఒకరు, కాన్‌కూన్ అని ఒకరు, కొండల్లో చిన్న కేబిన్ అని ఇంకొకరు. మీ ఇంట్లోనూ ఇంచుమించు ఇదే గొడవ అయుంటుంది.

ఆ లిస్టులో ఇండియా ఉండదు. ఇండియా వెళ్ళడాన్ని మనం సెలవు కింద లెక్కపెట్టం. అది డ్యూటీ. బ్యాంకులో కేవైసీ, పొలం కాగితాలు, పళ్ళ డాక్టరు, జాకెట్లు కుట్టించుకోవడం, రెండు పెళ్ళిళ్ళు, ఒక గృహప్రవేశం, చూడకపోతే నొచ్చుకునే బంధువులు ఇరవై ఇళ్ళు. మూడు వారాలు అలా పరుగెత్తి, తిరిగొచ్చి, అలసట తీర్చుకోడానికి మళ్ళీ వేసవిలో ఇంకో చోటికి 'వెకేషన్' వెళ్తాం. పిల్లలు రెండూ చూస్తున్నారు. అమ్మానాన్నలు సంతోషంగా ఉండే చోటు ఏది, టెన్షన్ పడే చోటు ఏది అన్నది వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. పద్దెనిమిదేళ్ళొచ్చాక "మీరు వెళ్ళిరండి, నేను రానులే" అంటే తప్పు వాళ్ళది కాదు.

అందుకే ఈ వ్యాసం. గోదావరి డెల్టా నుంచి వచ్చిన కుటుంబాలకి నేను గట్టిగా చెప్పాలనుకుంటున్నది ఇదీ: చరిత్ర, సముద్రం, పల్లె అని మనం కొట్టుకునే మూడూ అక్కడ ఒక్క నది నీళ్ళ మీదే ఉన్నాయి. ఒక్క ట్రిప్పు అయినా పనులేవీ పెట్టుకోకుండా, అచ్చంగా సెలవుకే అక్కడికి వెళ్ళండి. మూడింటిలో మకాం మాత్రం పల్లెలో పెట్టండి. మిగతా రెండూ అక్కణ్ణుంచి చూసి రావచ్చు.

మేం మొదట దీనికి సరిగ్గా ఎదురు చేశాం. ఆరేళ్ళ కిందట ఒక ఇన్నోవా మాట్లాడుకుని నాలుగు రోజుల్లో అన్నీ 'కవర్' చేద్దామని బయల్దేరాం. రాజమండ్రి, కడియం నర్సరీలు, ర్యాలి, వాడపల్లి, అయినవిల్లి, అప్పనపల్లి, అంతర్వేది, యానాం, ద్రాక్షారామం, సామర్లకోట. నాలుగో రోజుకి మా అమ్మాయికి జ్వరం. ద్రాక్షారామం గుడి బయట కారులో దాన్ని పడుకోబెట్టి, నేనొకసారీ ఆయనొకసారీ లోపలికి పరుగెత్తి దండం పెట్టుకుని వచ్చేశాం. తిరిగొచ్చాక ఏం గుర్తుందమ్మా అని అడిగితే, "కారు సీటు వాసన" అంది. దానికప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ మాట నాకు చాలాకాలం గుచ్చుకుంది.

రెండేళ్ళ కిందట జనవరిలో మళ్ళీ వెళ్ళాం. ఈసారి ముందే అందరికీ ఫోన్లు చేసి చెప్పేశాం, ఎవరింటికీ రాము, మమ్మల్ని చూడాలనుకున్నవాళ్ళు మా దగ్గరికి రండి అని. రాజోలు దగ్గర మా బాబాయిగారి ఇంట్లో తొమ్మిది రోజులు. మొదటి రెండు రోజులు పిల్లలు విసుక్కున్నారు, నెట్ సరిగ్గా రావట్లేదని. మూడో రోజు పొద్దున్న బాబాయి మా అమ్మాయిని అటక ఎక్కించాడు.

కోనసీమ ఇళ్ళల్లో ఆ అటక సంగతి తెలిసినవాళ్ళకి తెలుసు. దింపు తీసిన, అంటే చెట్ల మీంచి కోసిన కొబ్బరికాయల్లో బాగా ముదిరినవి ఏరి, పీచు ఒలవకుండా అటక మీద పోస్తారు. నెలల తరబడి అలాగే ఉంచితే లోపలి నీళ్ళు మెల్లగా ఇంకిపోయి, కొబ్బరి ఎండి, చిప్పని వదిలి గుండ్రంగా ముద్దలా అవుతుంది. అదే కురిడీ. అంబాజీపేట మార్కెట్ నుంచి ఉత్తరాది దాకా వెళ్ళేది ఇదే. కాయ కురిడీ అయిందో లేదో కొట్టి చూడరు. చెవి దగ్గర పెట్టుకుని ఊపుతారు. నీళ్ళుంటే 'గొళగొళ' అంటుంది. సగం ఇంకితే ఆ చప్పుడు సన్నబడుతుంది. పూర్తిగా అయితే లోపల గుండు 'లొటక్ లొటక్' మని తగులుతుంది. చీకట్లో చతికిలబడి, జుట్టు నిండా పీచు దుమ్ముతో, మా అమ్మాయి గంటన్నర సేపు కాయలు ఊపుతూ కూర్చుంది. ఒక్కటి తప్పు చెప్పినా బాబాయి తల అడ్డంగా ఊపేవాడు. చివర్లో ఆరు కాయలు వరసగా సరిగ్గా చెప్పింది. ఏ రిసార్టులోనూ పిల్ల మొహంలో నేను అంత గర్వం చూడలేదు.

పల్లెలో మకాం అంటే నా ఉద్దేశం ఇదే. చూడ్డానికి ఏముంది అని అడగకండి, చెయ్యడానికి చాలా ఉంది. సంక్రాంతి ముందర దాళ్వా (రెండో పంట) వరి ఊడ్పులు చూడొచ్చు. కాలవగట్టు మీద సైకిలు తొక్కొచ్చు. ఆత్రేయపురం వెళ్తే బోర్లించిన కుండ మీద పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డని ఒక్క విసురు విసిరి, రెప్పపాటులో పూతరేకు ఊడదీసే చేతులని చూడొచ్చు. 2023లో ఆ రేకులకి జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. అట్టపెట్టెలో ఫ్లైటెక్కి వచ్చే పూతరేకులు తిన్న మన పిల్లలకి, ఆ రేకు ఎలా పుడుతుందో చూశాక రుచే వేరుగా ఉంటుంది. పక్కనే లొల్ల లాకులు ఉన్నాయి, అక్కడ నీళ్ళు దూకే చప్పుడు వింటూ గంట కూర్చోవచ్చు.

చరిత్ర కూడా నాకు ఆ కాలవలోంచే మొదలైంది. మా అబ్బాయి ఒక సాయంత్రం "ఈ కాలవ సహజంగా ఉన్నదా, ఎవరైనా తవ్వారా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకి జవాబుగా మర్నాడు ధవళేశ్వరం వెళ్ళాం. 1833 నాటి కరువు, 1839లో కోరంగిని ముంచిన తుపాను, మధ్యలో వరదలు. చేతికందే దూరంలో గోదావరి పారుతున్నా అన్నం లేక జనం వలస పోయిన సీమ ఇది. కాటన్ దొర 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852లో పూర్తి చేశాడు. ఇప్పుడున్న బ్యారేజీ తర్వాత కట్టింది. అక్కడి కాటన్ మ్యూజియంలో పాత పనిముట్లు, నమూనాలు చూసి తిరిగొస్తుంటే, దారి పొడుగునా ఊరూరా కాటన్ విగ్రహం ఎందుకుందో పిల్లలకి నేను చెప్పాల్సిన పని లేకపోయింది. వాళ్ళు వారం రోజులుగా ఆ నీళ్ళ పక్కనే పడుకుంటున్నారు కదా.

ఇంకోరోజు ద్రాక్షారామం. ఈసారి పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నం దాకా ఉన్నాం. తూర్పు చాళుక్యుల కాలపు గుడి. గర్భగుడి రెండంతస్తులు, శివలింగం అంత ఎత్తు, అభిషేకం పై అంతస్తు నుంచి చేస్తారు. గోడల మీదా స్తంభాల మీదా వందల శాసనాలు. ఆదివారం తెలుగు క్లాసులో అక్షరాలు దిద్దిన మా అమ్మాయి ఒక స్తంభం దగ్గర ఆగిపోయి, వేలితో రాస్తూ "ఇది 'గ' కదమ్మా?" అంది. అవునో కాదో ఖాయంగా చెప్పేంత చదువు నాకు లేదు. కానీ అది అక్కడ నిలబడ్డ అరగంట నాకు వంద మ్యూజియాల పెట్టు.

చరిత్ర మీద నిజంగా ఇష్టం ఉన్నవాళ్ళు రాజమండ్రిలో రెండు రాత్రులు ఉండండి, నేను కాదనను. నన్నయ్య భారతం మొదలుపెట్టిన ఊరు. కందుకూరి 1881 డిసెంబర్ 11న మొదటి వితంతు వివాహం జరిపించిన ఊరు. 1900 నుంచి 1997 దాకా రైళ్ళు మోసిన హేవలాక్ వంతెన ఇంకా నదిలో నిలబడే ఉంది. దామెర్ల రామారావు చిత్రశాల ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోయిన ఆ మనిషి గీసిన బొమ్మలు చూడకుండా పుష్కరాల రేవులో సెల్ఫీ దిగి వచ్చేసేవాళ్ళని చూస్తే నాకు బాధ.

ఇక సముద్రం. ఇక్కడ నిజం చెప్పాలి. మీ పిల్లలు చిన్నవాళ్ళై, నీళ్ళలో ఆడడమే సెలవు అనుకునే వయసులో ఉంటే, ఈ తీరం వాళ్ళకి కాదు. అంతర్వేదిలో గానీ ఓడలరేవులో గానీ లోపలికి దిగకండి. నది కలిసే చోట నీటి లాగుడు కనబడదు, కాలి కింద ఇసక ఉన్నట్టుండి జారిపోతుంది. కుర్చీ, గొడుగు, చల్లటి పానీయం దొరికే బీచ్ కావాలంటే వేరే చోటికి వెళ్ళడమే మంచిది. ఈ సముద్రం బతుకుతెరువు సముద్రం. వలలు, పడవలు, ఎండబెట్టిన చేపలు, వాటి వాసన.

అయినా వెళ్ళండి. అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోట కాసేపు నిలబడితే, నది నీళ్ళు ఒక నునుపు, సముద్రం నీళ్ళు ఒక గరుకు, మధ్యలో వణికే గీత ఒకటి కనిపిస్తుంది. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన నీళ్ళు ఇక్కడితో నది అనిపించుకోవడం మానేస్తాయి. జనవరి నుంచి మార్చి దాకా ఈ ఇసకలో గుడ్లు పెట్టడానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వస్తాయి. మాకు ఒడ్డున చచ్చిపడున్న తాబేలు ఒకటి కనిపించింది. పెద్ద బోట్ల వలల్లో చిక్కి అలా పోతుంటాయట. మా అబ్బాయి ఆ రోజంతా మాట్లాడలేదు. సెలవుల్లో పిల్లల్ని ఏడిపించేది చూపిస్తారా అని ఎవరైనా అడగొచ్చు. చూపించాలనే నేనంటాను.

తిరిగి వచ్చేటప్పుడు సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు, అంటే మనుషుల్నీ బళ్ళనీ నది దాటించే పెద్ద పడవ, ఎక్కాం. మోటార్‌సైకిళ్ళు, ఒక ఆటో, గడ్డిమోపులు, స్కూలు పిల్లలు, మేం. పంటు మీద ఒక పెద్దావిడ "ఎక్కడి నుంచండీ రావడం?" అంటూ మా అమ్మాయికి సంచిలోంచి జామకాయ తీసి ఇచ్చింది. "ఆయ్, అమెరికానా! అక్కడా గోదారి ఉందాండీ?" అని నిజంగానే అడిగింది. మనకి ఆ పావుగంట ప్రయాణం ఎంతో బాగుంటుంది. అక్కడివాళ్ళు మాత్రం వంతెన కావాలని దశాబ్దాలుగా అడుగుతున్నారు. అర్ధరాత్రి పురిటినొప్పులొస్తే పంటు కోసం రేవులో నిలబడాల్సింది వాళ్ళు. మన ముచ్చట కోసం వాళ్ళకి వంతెన వద్దనుకునే హక్కు మనకి లేదు. నరసాపురంలో దిగాక లేసు అల్లే ఆడవాళ్ళ దగ్గర నేరుగా కొనండి, బేరమాడకండి. ఒక్క టేబుల్ గుడ్డ వెనక ఎన్ని రోజుల కంటి నొప్పి ఉంటుందో అల్లేవాళ్ళకే తెలుసు.

ఎప్పుడు వెళ్ళాలన్నది కూడా ముఖ్యమే. బడి సెలవులని జూలై, ఆగస్టుల్లో వెళ్తాం మనం. అది వరదల కాలం. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకి పైగా నీళ్ళు వచ్చాయి, లంక ఊళ్ళవాళ్ళు రోజుల తరబడి పడవల మీదే తిరిగారు. ఆ రోజుల్లో అక్కడికి చుట్టాలుగా వెళ్ళి మనమొక భారం కాకూడదు. పులస చేప కోసమే ఆ నెలల్లో వెళ్తామనేవాళ్ళకి నా మనవి, ఆశ వదులుకోండి. అసలైన గోదావరి పులస ఏటేటా తగ్గిపోతోంది, బయటి రాష్ట్రాల ఇలసని పులస పేరుతో అమ్మేవాళ్ళు పెరిగారు. డిసెంబర్, జనవరి మంచివి. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పదకొండు మంది రుద్రుల ప్రభలు, అంటే వెదుళ్ళతో కట్టి అలంకరించిన దేవుడి ఎత్తైన చట్రాలు, భుజాల మీద వస్తాయి. గంగలకుర్రు ప్రభల్ని కౌశిక నది దాటించేటప్పుడు నీళ్ళలో దిగిన కుర్రాళ్ళ అరుపులు గట్టు మీద మన ఒళ్ళు జలదరించేలా ఉంటాయి. ఇంకొక్క మాట, ఎక్కడ పడవ ఎక్కినా లైఫ్ జాకెట్ లేకపోతే దిగిపోండి, మొహమాటపడకండి. 2019 సెప్టెంబర్‌లో పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగి పదుల మంది పోయిన సంగతి మర్చిపోయే విషయం కాదు.

అక్కడ ఇల్లు లేనివాళ్ళు, అమ్మేసుకున్నవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. దిండిలో నది ఒడ్డున పర్యాటక శాఖవారి రిసార్టు ఉంది. ఇంకా మంచిది, ఊళ్ళో తెలిసినవాళ్ళింట్లో ఒక గది అద్దెకి అడగడం. డబ్బులు తీసుకోమంటే నొచ్చుకుంటారు, అయినా ఇచ్చి తీరండి. వంట చేసినావిడకి వేరుగా ఇవ్వండి.

మేం ఈ జనవరికి టికెట్లు కొన్నాం. పదకొండు రోజులు, కనుమ కలిసొచ్చేలా. పోయిన ఆదివారం మా అమ్మాయి తనే బాబాయికి వీడియో కాల్ చేసింది. దింపు ఎప్పుడు తీశారు, అటక మీద ఎన్ని కాయలు పోశారు అని ఆరా తీసింది. "ఒక గంపెడు కాయలు వేరుగా ఉంచండి తాతయ్యా, నేనొచ్చేదాకా ఎవరూ ఊపకూడదు" అంది.