క్యారింగ్టన్ రాజీనామా చేసిన రోజు, చేయని రోజు

1982 ఏప్రిల్ 2న అర్జెంటీనా సైన్యం బ్రిటన్ అధీనంలో ఉన్న ఫాక్‌లాండ్ దీవుల్లో దిగింది. 5వ తేదీన బ్రిటన్ విదేశాంగ మంత్రి లార్డ్ క్యారింగ్టన్ పదవి వదిలేశారు. బాధ్యత తీసుకుని తప్పుకున్న మంత్రి ఎవరంటే అక్కడ ఇప్పటికీ ఆయన పేరే చెబుతారు. ఆ గౌరవం ఆయనకు దక్కాల్సిందే. కానీ ఆయన కథ అక్కడితో అయిపోదు.

పీటర్ క్యారింగ్టన్ 1919లో పుట్టారు. తండ్రి పోవడంతో 19 ఏళ్లకే బారన్ బిరుదు, దానితోపాటు బ్రిటన్ పార్లమెంటు ఎగువ సభ అయిన లార్డ్స్ సభలో హక్కు వచ్చాయి. జీవితంలో ఏనాడూ ఎంపీ సీటుకు పోటీ చేయలేదు. అయినా చర్చిల్ నుంచి థాచర్ దాకా ప్రతి కన్జర్వేటివ్ ప్రధాని హయాంలోనూ పనిచేశారు. పనిలో దిట్ట అన్నది నిజం. 1979లో లండన్ లాంకస్టర్ హౌస్‌లో రొడీషియా (నేటి జింబాబ్వే) నేతలు ముగాబే, ఎన్‌కోమో, ముజొరేవాలను మూడు నెలలకు పైగా కూర్చోబెట్టి ఒప్పందం కుదిర్చారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో జింబాబ్వే స్వతంత్ర దేశమైంది.

ఫాక్‌లాండ్ విషయానికొస్తే, తప్పంతా ఆయనది కాదు. ఆ సముద్రంలో కాపలా ఉన్న ఎండ్యూరెన్స్ నౌకను ఖర్చు తగ్గించుకోవడానికి తప్పిస్తామని రక్షణ శాఖ అన్నప్పుడు ఆయన అభ్యంతరం చెప్పారు. ఏప్రిల్ 3 శనివారం ఎన్నికైన ఎంపీలుండే కామన్స్ సభ అత్యవసరంగా కూర్చుంది. లార్డ్స్ సభ్యుడు కాబట్టి అక్కడ లేచి జవాబు చెప్పే వీలే ఆయనకు లేదు. విడిగా సొంత పార్టీ ఎంపీల ముందుకు వెళ్తే వాళ్లు కడిగిపారేశారు. ఉండమని థాచర్ బతిమాలినా ఆయన ఆగలేదు.

మనకు ఇక్కడ లాల్ బహదూర్ శాస్త్రి గుర్తుకు రాక మానరు. 1956లో మహబూబ్‌నగర్ దగ్గర రైలు ప్రమాదంలో వంద మందికి పైగా చనిపోతే ఆయన రాజీనామా ఇచ్చారు, నెహ్రూ ఒప్పుకోలేదు. అదే ఏడాది అరియలూర్ ప్రమాదం తర్వాత ఒప్పుకోక తప్పలేదు. క్యారింగ్టన్‌దీ దాదాపు ఇదే దారి. 1954లో క్రిచెల్ డౌన్ భూముల వివాదంలో వ్యవసాయ మంత్రి డగ్‌డేల్ తప్పుకున్నప్పుడు, సహాయ మంత్రిగా ఉన్న ఈయనా వెళ్తానన్నారు. చర్చిల్ వెళ్లనివ్వలేదు.

ఇంత పట్టింపు ఉన్న మనిషి 1971లో ఏం చేశారన్నదే నన్ను ఇబ్బంది పెట్టే ప్రశ్న. అప్పుడాయన రక్షణ మంత్రి. బ్రిటన్ పాలనలోని ఉత్తర ఐర్లాండ్‌లో విచారణ లేకుండా నిర్బంధించిన వాళ్లలో 14 మందిని వేరు చేసి, తలకు నల్ల సంచులు తొడిగి, గోడకు చేతులు ఆనించి గంటల తరబడి నిలబెట్టారు. చెవులు పగిలే హోరు వినిపించారు. నిద్ర లేదు, తిండీ నీళ్లూ సరిగా ఇవ్వలేదు. 1978లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు దీన్ని అమానుషమైన, అవమానకరమైన ప్రవర్తన అంది. క్యారింగ్టన్ మరుసటి ఏడాదే విదేశాంగ మంత్రి అయ్యారు. ఆ తీర్పు ఆయన దారికి అడ్డం రాలేదు.

తేడా ఎక్కడుందో వెతకడానికి కష్టపడక్కర్లేదు. ఫాక్‌లాండ్ పోయినప్పుడు ఎంపీలు అరిచారు, పత్రికలు నిలదీశాయి, దేశం పరువు పోయిందన్నారు. సంచుల కింద ఉన్న ఆ 14 మంది కోసం లండన్‌లో అంత గొడవ జరగలేదు. వాళ్లు తమ సీటుకు ఎసరు పెడతారన్న భయం ఏ మంత్రికీ లేదు. క్యారింగ్టన్‌కైతే పోవడానికి నియోజకవర్గమే లేదు. ఆయన మనస్సాక్షి నిజమైనదేనని నేను నమ్ముతాను. అయితే అది బయటి కేకలు వినపడిన చోటే మేలుకుంది.

1999లో వంశపారంపర్య సభ్యుల్లో చాలామందిని లార్డ్స్ నుంచి పంపేసినప్పుడు, ఆయనకు జీవితకాల బిరుదు ఇచ్చి అక్కడే ఉంచారు. 2018లో 99 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ 14 మందితో ప్రవర్తించిన తీరును నేటి ప్రమాణాల ప్రకారం చిత్రహింసే అనాలని బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పింది 2021లో.